నేలమాళిగలో ఎర్ర చార

1978 వానాకాలం. జనగామలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో మేస్త్రీ పని చేసేవాణ్ని. జఫర్‌గఢ్ నుంచి మల్లారెడ్డి పటేల్ కబురు పెట్టాడు. వాళ్ల పాత ఇంట్లో వంటింటి పక్క గది కింద నేలమాళిగ ఉంది. యాసంగికి దాచిన పల్లి విత్తనమంతా అందులోనే. దాని తూర్పు గోడకు చెమ్మ దిగుతోంది. మా పనిలో దీన్ని సీపేజ్ అంటాం. నీరు ధారగా కారదు, గోడలోంచి మెల్లగా ఊరుతుంది.

దిగి చూశాను. గోడకు చేయి ఆనిస్తే వేళ్లు తడిశాయి. పైకొచ్చి ప్రహరీ అవతలికి తొంగి చూస్తే పక్కింటి ఎల్లవ్వ జాలారు కనబడింది. స్నానాలకు బండలు పరిచి, చుట్టూ తడక కట్టుకున్న చోటు.

“ఏంది మేస్త్రీ, గా ముసల్దాని నీళ్లేనా?” అన్నాడు పటేల్.

“గవే కావచ్చు పటేలా” అన్నాను.

నోటిదూల, ఇంకేముంది! పరీక్ష లేదు, పాడు లేదు. బస్సుకు టైమైందన్న తొందరే తప్ప.

పది రోజులకు మళ్లీ కబురు. చెమ్మ తగ్గలేదట. వెళ్లేసరికి ఎల్లవ్వ బండలు పెల్లగించి ఉన్నాయి, తడక కింద పడుంది. నేనన్న సాయంత్రమే పటేల్ మనుషుల్ని పంపాడట. ఎల్లవ్వ కోడలు బాలింతని అప్పుడే తెలిసింది.

ఇక కాలు ఒకచోట నిలవలేదు. రెండు రోజులు అక్కడే ఉండి నేలమాళిగలోకి దిగడం, ఎక్కడం. చెమ్మ అంచున బొగ్గుతో గీత గీశాను. పొద్దున పటేల్ ఇంట్లో స్నానాలయ్యాక చెమ్మ గీత దాటేది, సాయంత్రానికి ఆగేది. అంటే ఆ నీళ్లు పటేల్ ఇంటివే. ఏడాది కింద ఆ ఇంటికి కొత్త బాత్‌రూమ్ కట్టింది నేనే. వాడిన నీరు భూమిలోకి ఇంకడానికి రాళ్లు నింపిన గుంతను సోక్ పిట్ అంటాం. అది దూరంగా ఉండాలి. దూరంగా తవ్వితే వాకిలి పాడవుతుందని పటేల్ అంటే, సరేనని తూర్పు గోడ పక్కనే తవ్వేశాను. చెమ్మ చూసినప్పుడు అది గుర్తుకే రాలేదు. రాలేదో, రానివ్వలేదో!

బట్టలకద్దే ఎర్రరంగు కొని, బిందె నీళ్లలో కలిపి బాత్‌రూమ్‌లో పోశాను. మర్నాడు మధ్యాహ్నానికి నేలమాళిగ గోడ మీద ఎర్రటి చార దిగింది. పటేల్‌ను పిలిచాను.

“మన నీళ్లేనా గివి?”

“మీ నీళ్లే పటేలా. తప్పు నాది. గుంత గిక్కడ తవ్వద్దుండె.”

ఆయన ఆ చారను వేలితో తుడిచి చూసుకున్నాడు. “సరే, గుంత దూరం జరుపు. గామెకు చెప్పుడు ఎందుకు? ఊకో.”

ఊకోలేకపోయాను. నేరుగా ఎల్లవ్వ వాకిట్లోకి వెళ్లాను. “అవ్వా, నీ జాలారుతోని ఏం కాలే. నేనే తప్పు జెప్పిన. బండలు మల్ల నేనే పరుస్త” అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“పరుస్తవ్ బిడ్డా, తడక గూడ కడ్తవ్. పది పన్నెండొద్దులాయె, నా కోడలు పచ్చి ఒంటితోని బాయికాడ తానం జేసె. వచ్చేటోడు పోయేటోడు సూసిరి. గా పోయిన ఇజ్జత్ యాడికెల్లి తెచ్చిస్తవ్?”

బండలెత్తడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత పని మానేసేదాకా, రంగు నీళ్లు పోసి చూడనిదే ఎవరి పేరూ ఎత్తలేదు. మొదట నేను కట్టినదాన్నే అనుమానించేవాణ్ని. నేర్చుకున్నది అంతే, కానీ ఆ నేర్పుకు వెల చెల్లించింది నేను కాదు. ఎల్లవ్వ జాలారు మళ్లీ కట్టడానికి రెండు రోజులు పట్టింది. తడక మునుపటికంటే మూరెడు ఎత్తు లేపాను. నేను వాకిట్లో ఉన్న ఆ రెండు రోజులూ కోడలు తలుపు తీయలేదు.