కుట్టుకు వదిలిన అరవేలు

ఇన్సాఫ్‌కు పెట్టెలంటే ఒళ్ళుమంట. చీరలూ నగలూ దాచుకునే పెట్టెలు కావు, కాగితం మీద పెన్సిలుతో గీసే పెట్టెలు. అలెగ్జాండ్రియా రేవు పక్క అన్ఫూషీ పేటలో ముప్ఫయ్యేళ్ళుగా పెళ్ళి గౌన్లు కుడుతున్న మనిషి, యాభై రెండో ఏట, కళ్ళజోడు ముక్కు మీదికి జారిపోతుంటే తోసుకుంటూ వారానికి వంద పెట్టెలు గీస్తోంది. కారణం రిహాబ్.

రిహాబ్ చేపల కొట్టువాళ్ళ అమ్మాయి. ఆమె తల్లి పెళ్ళి గౌనూ ఇన్సాఫ్ కుట్టిందే. అప్పట్లో చేతులు గాల్లో తిప్పి, ఇక్కడ ఇలా పడుతుంది, ఇక్కడ ఇలా విచ్చుకుంటుంది అంటే సరిపోయేది. ఈ పిల్లకు అది చాలలేదు. పెద్ద వీధి దుకాణంవాళ్ళు ముందే బొమ్మ గీసి చూపిస్తారట. బక్రీదు లోపు బొమ్మ చూపిస్తే సరే, లేకపోతే అక్కడికే పోతానని మర్యాదగానే చెప్పింది. అంతకుముందు పోయిన ముగ్గురు పెళ్ళికూతుళ్ళు ఆ మాటైనా చెప్పలేదు. రిహాబ్ కూడా పోతే ఇక పెళ్ళి గౌన్ల మాట మరిచిపోయి పాత ప్యాంట్లకు జిప్పులు వేసుకుంటూ కూర్చోవలసిందే.

అందుకని గ్రంథాలయం మేడ మీద బొమ్మల తరగతిలో చేరింది. అక్కడి వగ్దీ మాస్టారికి ఒకటే పట్టు. పెట్టె రానివాడికి మనిషి రాడు. బల్ల మీద చెక్కదిమ్మలు పేర్చి, చూసి గీయమంటాడు. ప్రతి మంగళవారం కాగితాలన్నీ బట్టలారేసినట్టు తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తాడు. తప్పు తను చెప్పడు, పక్కవాళ్ళు చెప్పాలి. తను మాత్రం నచ్చని కాగితం కింద ఇంటూ గుర్తు పెట్టి టీకి పోతాడు.

ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళు అన్ఫూషీ మొహం చూసి ఉండరు. ఇక్కడ ఎదుటివాడు ఏ పని చేసినా నోట్లోంచి ముందు వచ్చే మాట "నీ చేతులు చల్లగుండ". ఉప్పు లేని కూర తిన్నా అదే, వంకర గోడ చూసినా అదే. పైగా వారానికొకరు పళ్ళెం నిండా బస్బూసా రవ్వ మిఠాయి పట్టుకొస్తారు. పాకం ఇంకా పెదాలకంటుకునే ఉండగా తప్పెవరు చెబుతారు? ఏడు వారాల్లో ఇన్సాఫ్‌కు ఏడు ఇంటూలొచ్చాయి, వంద దీవెనలొచ్చాయి. ఈ దీవెనలతో చేతులు గడ్డకట్టి చచ్చేలా ఉన్నానని మెట్లు దిగుతూ పళ్ళు నూరింది.

నిజానికి ఆమె మాత్రం తక్కువ తిందా? పక్క కుర్చీలో బిషాయ్ మేస్త్రి కూర్చుంటాడు. రేవులో యాభై ఏళ్ళు పడవలు కట్టి మానుకున్న పెద్దమనిషి. ఆయన గీసే పెట్టెలకు మొదటి వారం నుంచే పొట్టలున్నాయి. పోగు వెంట కన్ను నడిపే ఇన్సాఫ్‌కు అది కనబడకపోతుందా? పెద్దవాడని మొహమాటపడి, వారం వారం ఆయన చేతులూ చల్లగుండమంది.

ఎనిమిదో మంగళవారం మళ్ళీ ఇంటూ పడింది. బక్రీదుకు ఇంక పన్నెండు రోజులే. ఇన్సాఫ్ తాడు మీది కాగితాన్ని లాగి బిషాయ్ ముందు పెట్టింది.

"మేస్త్రీ గారూ, మీకు పుణ్యముంటుంది, నా చేతుల్ని దీవించకండి. తప్పు చెప్పండి."

బాగానే ఉంది కదమ్మా అని ఆయన నసిగాడు. ఆమె ఓపిక అక్కడితో చచ్చింది.

"అయితే ముందు నేనే చెప్తా. మీ పెట్టెలన్నీ కడుపుతో ఉన్నాయి."

ఎవరిదో బస్బూసా ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. బిషాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"పడవలో తిన్నటి చెక్క ఎక్కడుంటుందమ్మా?"

"ఇది పడవ కాదుగా."

ఆయన కోపంగా ఆమె కాగితం లాక్కుని కిటికీ దగ్గరికి పట్టుకుపోయాడు. బదులు తీర్చుకోవాలని వెతికిన కన్ను కాబట్టి ఈసారి నిజంగానే చూసింది. కాసేపటికి ముఖంలో కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది.

"ఈ చుక్కలేంటి?"

"కొలిచి పెట్టుకున్న గుర్తులు."

"కొలత సరిగ్గానే ఉందే. మరి గీత దాని మీద వెయ్యకుండా అరవేలు బయట వేశావెందుకు?"

ఇన్సాఫ్ వంగి చుక్కకూ గీతకూ మధ్య వేలు పెట్టి చూసింది.

"కుట్టుకు వదిలావు చెల్లెమ్మా," అన్నాడు బిషాయ్. "కాగితాన్నెవరు కుడతారు?"

ఆమెకు సిగ్గు ముందు రాలేదు, మంట వచ్చింది. ఈ ముసలాయనకు పొట్టల సంగతి మొదటి వారమే చెప్పి ఉంటే ఈ అరవేలు సంగతి కూడా మొదటి వారమే తేలేది. రెండు నెలలు దీవెనల పాలయ్యాయి. అక్కడే కిటికీ గట్టు మీద, చుక్కల మీదుగా మళ్ళీ గీసింది. టీ తాగొచ్చిన మాస్టారు ఆ కాగితం చూసి, ఇంటూ పెట్టకుండా, రేపటి నుంచి మనుషుల్ని గీయమన్నాడు.

పదకొండు రోజులు వంటింటి బల్ల మీద మనుషుల్ని గీసింది. చెయ్యి అలవాటుగా బయటికి పోబోయినప్పుడల్లా లోపలికి లాక్కుంది. బక్రీదు ముందు రోజు రిహాబ్ వచ్చింది. బొమ్మ చూడగానే కళ్ళు పెద్దవి చేసింది.

"నీ చేతులు చల్లగుండ అత్తా, ఎంత బాగుందో."

ఇన్సాఫ్ పెన్సిలు తీసి ఆమె చేతిలో కుక్కింది.

"ఆ మాట నా ఇంట్లో అనొద్దు. తప్పు చెప్పు. చెప్పేదాకా బట్ట కొయ్యను."

రిహాబ్ గుమ్మం వైపు చూసింది, గోడ వైపు చూసింది. తప్పించుకునే దారి లేదు.

"గౌను బాగుంది గానీ అత్తా, ఈ పిల్లకి నడుమేది? నేనిందులో పట్టను. పట్టినా ఊపిరాడదు."

ఇన్సాఫ్ కళ్ళజోడు తోసుకుని చూసింది. నిజమే. గీత బయటికి పోతుందేమోనన్న భయంతో పెళ్ళికూతుర్ని రెండు వైపులా నొక్కి చంపేసింది. బిషాయ్‌ని మనసారా తిట్టుకుని రబ్బరు అందుకుంది.

"ఎంత వదలమంటావు?"

"అటో అరవేలు, ఇటో అరవేలు," అంది రిహాబ్. "గౌను మాత్రం నువ్వే కుట్టాలి."