పోటు వేళ రాహుకాలం

నా ఉద్యోగ విరమణకు ముందు ఏడాది, జూన్‌లో ఒక సోమవారం సెలవు రోజున, సింగపూర్ దక్షిణాన ఉన్న ఒక పగడపు దీవికి తెలుగు కుటుంబాల బృందాన్ని తీసుకెళ్ళే పని నాకు పడింది. సందర్శకులు పద్నాలుగు మంది. నేను ముందు గైడ్‌ని, చోవా చూ కాంగ్‌లో ఉండే సుజాత వెనక గైడ్. ముందు గైడ్ దారి చూపిస్తాడు, వెనక గైడ్ తలలు లెక్కపెడుతుంది. నిర్ణయం మాత్రం ముందు గైడ్‌దే.

పగడపు దిబ్బ మీద నడక ఆటుపోట్ల పట్టిక ప్రకారం సాగాలి. ఆ రోజు నీరు పూర్తిగా తగ్గేది ఏడుకు పది నిమిషాల ముందు. ఏడూ యాభైకి వెనుదిరగాలి. పోటు ఎదురుగా రాదు. దిబ్బకూ ఒడ్డుకూ మధ్యనున్న పల్లం ముందు నిండుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు ఆ పల్లంలో ఒక కర్ర పాతి, మోకాలెత్తున ఎర్రగుడ్డ కడతాం. గుడ్డ తడిసేలోపు దాటాలి.

తెల్లవారకముందే టార్చిలతో దిగాం. నక్షత్రచేపలనూ, రాళ్ళ సందులో రంగు మార్చే ఆక్టోపస్‌నూ చూసి అందరికంటే ఎక్కువ మురిసిపోయింది బిషాన్ నుంచి కొడుకుతో వచ్చిన రాజ్యలక్ష్మి గారు. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు, ఈత రాదు. ఏడూ యాభైకి నేను విజిల్ వేస్తే కదలనిదీ ఆమే.

"ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం నాయనా. తిరుగు ప్రయాణం ఇప్పుడు మొదలెట్టను. మీరు పదండి."

"అమ్మా, అందరూ వెయిట్ చేస్తున్నారు లా," అన్నాడు కొడుకు సింగపూర్ యాసలో.

"నువ్వూరుకో. ఫ్లాట్‌లో చేరేటప్పుడూ ఇలాగే తొందరపెట్టావు."

మిగతా పదమూడు మందినీ సుజాతతో ఒడ్డుకు పంపాలన్నది నియమం. నేను ఆ పని చెయ్యలేదు. నలభై ఏళ్ళు హేతువాద సభల్లో వాదించినవాణ్ణి, ఎదురుగా రాహువు దొరికాడు. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి కదా, ఇక్కడ సూర్యుడు ఏడింటికి లేస్తాడు, మీ లెక్కనే చూసినా ఇంకా మొదలు కాలేదన్నాను. పంచాంగంలో ఏడున్నరే ఉందన్నారామె. గ్రహణాల దాకా వెళ్ళాను. అందరూ చుట్టూ నిలబడి వింటున్నారు.

సుజాత నా చొక్కా లాగింది. "అంకుల్, గుడ్డ చూడండి."

గుడ్డ లేదు. కర్ర కొస మాత్రం నీటిపైన ఊగుతోంది. గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది.

సుజాత ఆమె వైపు తిరిగింది. "ఆంటీ, బోటెక్కితే కదా ప్రయాణం. జెట్టీ దాకా నడిస్తే ప్రయాణమెట్లా అవుతుంది? తొమ్మిది దాటాకే ఎక్కుదురు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంటూ ఆమె అడుగు వేశారు.

పల్లంలో నీరు నా నడుము దాటింది. బురదనీరు, అడుగు కనిపించదు. అడుగున రాతిచేప ఉండవచ్చు. దాని విషపు ముల్లు పలచటి బూటులోంచి కూడా దిగుతుంది. పాదం ఎత్తకుండా ఈడుస్తూ నడవమని అరిచాను. ఆమె వేళ్ళు నా మణికట్టులోకి దిగిపోయాయి. నడిమధ్యలో ఆమె కాలు గుంటలో పడింది. గడ్డం దాకా నీళ్ళు. నా మణికట్టు మీద పట్టు జారిపోయింది. నీళ్ళలో చెయ్యి తిప్పాను, ఏమీ తగల్లేదు. మళ్ళీ తిప్పాను. అంతలో వెనక నుంచి కొడుకు ఆమె చున్నీనీ భుజాన్నీ కలిపి పట్టి పైకి లాగాడు.

ఒడ్డున నేను తలలు లెక్కపెట్టబోయి తొమ్మిది దగ్గర ఆగిపోయాను. సుజాత రెండుసార్లు లెక్కపెట్టింది. పద్నాలుగు.

బోటు తొమ్మిది దాటాకే కదిలింది. తువ్వాలు కప్పుకుని వణుకుతూ రాజ్యలక్ష్మి గారు అన్నారు: "చూశారా, రాహుకాలంలో కదిలితే ఏమవుతుందో."

రాహుకాలం అబద్ధమని ఇవాళ కూడా ఏ సభలోనైనా అంటాను. ఆ ఉదయం ప్రమాదం తెచ్చింది మాత్రం ఇరవై నిమిషాల నా వాదనే. సరైన మాట చెబితే మనిషి కదులుతాడన్నది నేను ఏ పరీక్షా పెట్టకుండా నమ్మిన సంగతి. ప్రమాద నివేదికలో 'కారణం' అన్న గడిలో 'ముందు గైడ్ ఆలస్యం' అని రాశాను. నమోదు పత్రంలో ఒక కొత్త ప్రశ్న చేర్పించాను: 'ఏ వేళలోనైనా బయలుదేరడానికి మీకు అభ్యంతరం ఉందా?' ఉందన్నవారికి, నా కారణాలేవీ చెప్పకుండా, ఇంకో రోజు ఇచ్చేవాణ్ణి.