మొహాలు వెయ్యని పొలం

మా ఆయన కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. కొండన్నదే కనిపించని మా ప్రాంతంలో పిల్లలకి కొండలు గీయడం నేర్పడానికి ఆయన దగ్గరొక పాత అచ్చుబొమ్మ ఉండేది. రెండు వందల ఏళ్ళ కిందట, కుంపిణీ దొరల కాలంలో, ఎవరో తెల్లవాడు నీటిరంగుల్లో వేసిన చిత్రానికి నకలు. ముందు వరిపొలాలు, వెనక నీలంగా కొండల వరస.

"ఎప్పటికైనా అసలుది చూడాలి," అనేవారు.

షుగరు ఆయన కళ్ళకి చేరింది. చూపు ఇక ఎన్నాళ్ళో నిలవదని డాక్టరుగారు చెప్పేశాక, హైదరాబాదులో ఆ చిత్రం ప్రదర్శనకి పెట్టారని తెలిసింది. బయల్దేరాం. రైల్లో కొత్త చొక్కా నలగకుండా, పెళ్ళికి వెళ్తున్నట్టు నిటారుగా కూర్చున్నారు.

తీరా వెళ్తే ఆ గదిలో దీపాలు బాగా తగ్గించి ఉన్నాయి. ఆయన అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు. ఏమీ కనబడలేదు.

"కాస్త లైటు పెంచుతారాండీ?" అని అక్కడి ఉద్యోగిని అడిగాను.

"కుదరదమ్మా. వెలుగు తగిలితే రంగులు వెలిసిపోతాయి."

"ఆయ్, నిజవేనండి," అన్నారు మా ఆయనే. నా చెయ్యి పట్టుకుని, "ఏం కనబడతందో నువ్వు చెప్పు," అన్నారు.

కొండలు చెప్పాను, మబ్బులు చెప్పాను. అచ్చుబొమ్మలో మరకల్లా ఉన్నవి మనుషులని నాకప్పుడే తెలిసింది.

"పొలంలో కూలోళ్ళున్నారండీ. వంగి నాట్లేస్తన్నారు. ఒకావిడ మాత్రం ఇటు తిరిగి నిలబడింది."

"మొహం ఎలా ఉంది?"

"మొహాలు వెయ్యలేదండీ."

మా అత్తగారు పరాయి పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి ఆయన్ని చదివించింది. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు.

"మా అమ్మ బొమ్మ నేనూ వెయ్యలేదే," అన్నారు.

ఇంటికొచ్చింది మొదలు అదే పని. కాగితం మీద కాగితం. చివరికోరోజు పిలిచి, "వచ్చిందా?" అని అడిగారు. కన్ను మీదే ఇంకో కన్ను, పెదవులున్న చోటే ముక్కు గీసి ఉన్నాయి. ఆయన దగ్గర అబద్ధం చెప్పలేకపోయాను.

"రాలేదండీ."

తలూపి పెన్సిలు కింద పెట్టేరు.

క్రిస్మసు నాటికి చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు ఎవరొచ్చినా గొంతు పట్టి పోల్చుకుని పలకరిస్తారు. బొమ్మల సంగతి మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తం.