ఫ్యాన్ ఆపిన రోజు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, మలేసియాలో, జార్జ్ టౌన్‌లోని ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో సీనియర్ ఫిజియోగా చేరాను. ఆటగాళ్ల కీళ్లూ కండరాలూ చూడటం, చీలమండలకి టేపు చుట్టడం, ఎవరైనా పడిపోతే ముందు పరిగెత్తడం నా పని. నా పైన జట్టు డాక్టరుండేవాడు కానీ ఆయన మ్యాచ్‌లకే వచ్చేవాడు. ప్రాక్టీసుకి నేనే దిక్కు.

ఆ ఏడు సెర్బియా నుంచి మిలాన్ అనే పాయింట్ గార్డ్ వచ్చాడు. బంతి తెచ్చేదీ, ఏ ఎత్తు వేయాలో వేళ్లతో చూపించి మిగతా నలుగుర్నీ నడిపేదీ పాయింట్ గార్డే. ముప్ఫయ్యారేళ్లు, అరిగిన మోకాళ్లు, ఆరు దేశాల్లో ఆడిన అనుభవం. ఇదే ఆఖరి సీజనని వచ్చినరోజే చెప్పేశాడు. అతనికి గాలంటే భయం. చెమట మీద గాలి కొడితే మెడ పట్టేస్తుందని, జబ్బు చేస్తుందని వాళ్ల దేశంలో నమ్ముతారట. టేపు గదిలోకి రాగానే ఫ్యాన్ ఆపించి కిటికీ మూసేవాడు. మిగతావాళ్లు నవ్వేవారు. నేను నవ్వలేదు. నేను పెరిగిన తెలుగువాళ్ల ఊరు సుంగై సుమున్‌లో మా అమ్మ అచ్చం ఇదే చెప్పేది. అందుకే అడిగినప్పుడల్లా ఆపేసేవాణ్ణి, చదివిన చదువు గడప అవతల పెట్టి.

ఒక మధ్యాహ్నం ఆ మూసిన గదిలో ముప్పావుగంట కూర్చుని, జాకెట్టుతోనే కోర్టులోకి దిగాడు. గంట తర్వాత అతను చూపించే వేళ్లు ఎవరికీ అర్థం కాలేదు. బంతి గోడకేసి విసిరాడు. దగ్గరికెళ్లి స్కోరెంతని అడిగితే, ఇది ఏ ఊరని నన్నడిగి కూలబడ్డాడు.

ఒళ్లు పెనంలా కాలుతోంది. వడదెబ్బకి నోట్లో పెట్టే థర్మామీటరుని నమ్మకూడదు, మలద్వారంలోనే చూడాలి. నలభై ఒక్క డిగ్రీల సెల్సియస్ దాటింది. అంబులెన్సుకి ఫోన్ చేయించాను. రూలు ప్రకారం ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రి. మెడ దాకా ఐసు నీళ్లలో ముంచాలి. మా టబ్బు ఖాళీ. ప్రాక్టీసుకి అవసరం ఏముందిలే అని నేనే నింపించలేదు.

ఆటగాళ్లు గొట్టంతో నీళ్లు పట్టారు. గేటు దగ్గర డ్రింకులమ్మే మా తెలుగామె నూకాలమ్మ అక్క ఐసు పెట్టె ఈడ్చుకొచ్చి, నీళ్ల ముందు ఆగిపోయింది.

"ఏటి తమ్ముడూ, ఇంత ఏడి మీద ఐసేస్తావా? గుండాగిపోద్ది లా!"

అది మా అమ్మ మాటే, ఇక్కడ మేం మాట చివర తగిలించే 'లా'తో సహా. మిలాన్ కూడా టబ్బు అంచు పట్టుకుని వద్దని తలూపుతున్నాడు. నాకు చెయ్యాడలేదు. ముంచితే పోతాడేమో, ముంచకపోతే పోవడం ఖాయం. అర నిమిషం అలాగే నిలబడిపోయాను.

"నువ్వెయ్యక్కా, ఏటైనా నా మీదే," అన్నాను.

నలుగురం ఎత్తి ముంచాం. అరిచాడు, పెనుగులాడాడు. తల నీళ్లపైన పట్టుకుని థర్మామీటరు అంకెలే చూస్తూ కూర్చున్నాను. పావుగంటకి ముప్ఫై తొమ్మిదికి దిగాక బయటికి తీశాం. అప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచాడు.

బతికాడు. మళ్లీ ఆడటానికి డాక్టరు సంతకం పెట్టలేదు. వెళ్లేరోజు అతను కృతజ్ఞతలు చెబితే, ఫ్యాన్ ఆపింది నేనే కదా అన్నాను. ఆపమన్నది తనేనన్నాడు. అడగడం ఆటగాడి ఇష్టం, ఆపాలో లేదో తేల్చడం నా ఉద్యోగం.

ఆ తర్వాత ఎవరడిగినా ఫ్యాన్ ఆపలేదు. టబ్బుతో మళ్లీ పనిపడలేదు కానీ, రిటైరయ్యేదాకా ప్రతి ప్రాక్టీసుకీ నింపించాను. ఇంట్లో మాత్రం చెమటతో ఫ్యాన్ కింద ఇప్పటికీ కూర్చోను.