లారీ బొగ్గులో ఇరవై

మా భూపాలపల్లి బడిలో లెక్కల టీచరునైన నేను పదో తరగతి పేపరును ఎంత ఘనంగా ముంచానో చెబుతాను. నన్ను చూసి ఎంతైనా నవ్వండి. నా సమీకరణాలను మాత్రం ఏమీ అనకండి, అవి ఇప్పటికీ నాకు ముద్దే.

అంతకుముందు మా పేపర్లు టైపు చేసేది బజారులో డీటీపీ కొట్టు రాజయ్యన్న. ఆయన చేతిలో భిన్నాలు అడ్డంగా పడుకునేవి, వర్గమూలాలకు నెత్తిన గీత ఉండేది కాదు. ఇలా కాదని సెలవుల్లో లేటెక్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. అందులో లెక్క ఎలా కనిపించాలో మనం మాటల్లో రాసిస్తే, అదే అందంగా పేర్చిపెడుతుంది. మొదటి భిన్నం కుదిరిన రోజు ఫోను పట్టుకుని నేరుగా రాజయ్యన్న దగ్గరికే వెళ్లాను.

“గీత మీద అంకె, గీత కింద అంకె. గిదానికే గింత సంబురమా మేడం?” అన్నాడాయన.

“జూస్తుండన్నా, ఇగ పేపర్లన్నీ నేనే జేస్త.”

హెడ్మాస్టర్ సార్ షరతు పెట్టారు. “గిది మంచిగొస్తే జనగామ, మహబూబాబాద్ బ్రాంచిలకు గూడ మీరే జెయ్యండి. ఖరాబైతే మళ్ల రాజయ్యకే ఇద్దాం.”

పరీక్ష మధ్యలో శిరీష అనే పిల్ల లేచింది. “మేడం, ఆఖరి ప్రశ్న గింతేనా?”

నేను చేసిన పేపరులో తప్పా? కనీసం తొంగి చూడలేదు. “ఉన్నదానికి జవాబు రాయి.”

“మొత్తం గింతనే ఉంది మేడం.”

“రాయమన్న గదా. కూసో.”

సాయంత్రం దిద్దుతుంటే సంగతి బయటపడింది. నేను రాసింది, “ఒక లారీ బొగ్గులో 20% తేమ ఉంది, ఆరితే ఎన్నో వంతు మిగులుతుంది?” అని. లేటెక్‌లో శాతం గుర్తు కనబడితే ఆ వరుసలో తర్వాతిదంతా అచ్చు వేయొద్దని అర్థమట. దాని ముందు ఒక వాలుగీత పెట్టాలని నాకేం తెలుసు? అచ్చులో మిగిలింది “ఒక లారీ బొగ్గులో 20”. అంతే.

దాని కింద శిరీష గుండ్రంగా రాసింది: “జవాబు: ఉన్నాయి.”

అది చూసి హెడ్మాస్టర్ సార్ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. “రాజయ్య దగ్గర గుర్తులే పోయేటివి. మీ దగ్గర ప్రశ్నే పోయింది గదా మేడం.” ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన పేజీ తిప్పి ఆగారు. “గని గీ వర్గమూలం జూడండి, ఎంత సక్కగుందో. జనగామది గూడ మీరే జెయ్యండి.” నా ఛాతీ ఉప్పొంగింది, అబద్ధమెందుకు.

శిరీషకు పూర్తి మార్కులు వేశాను. చెప్పినట్టే చేసింది కదా. ఆ వర్గమూలం సాక్షిగా ప్రతిజ్ఞ కూడా చేశాను: బతికున్నంత కాలం శాతం గుర్తును ఒంటరిగా ఎక్కడికీ పంపను.