ఎత్తు మధ్యలో ఆగేవాళ్లు

నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు ఎదురుగా లక్ష్మీనర్సమ్మ చాయ్ బండి నడుపుతుంది. ఉప్పల్ వైపు నుంచి వచ్చే బస్సులు పొద్దున్నే మలుపు దగ్గర జనాన్ని దింపుతాయి. అక్కడి నుంచి గేటు దాకా కొంచెం ఎత్తు. అది ఎక్కుతూ ఎవరు మధ్యలో ఆగుతున్నారో వద్దనుకున్నా ఆమె కంటపడుతుంది.

ఆమె భర్త రామస్వామి కూడా అలాగే ఆగేవాడు. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసేది. రెండు నిమిషాలు నిలబడితే పోయేది. వయసన్నారు, నరాల బలహీనతన్నారు. రెండేళ్లు నూనె మర్దనలతో, నొప్పి మాత్రలతో గడిచిపోయాయి. మడమ మీద పుండు మానక పెద్ద దవాఖానాకు పోయేసరికి బీడీలు తాగి తాగి కాలి రక్తనాళాలు పూడుకుపోయాయన్నారు. మోకాలి కింద కాలు తీసేశారు. "పిక్క నొప్పి మొదలైనప్పుడే రావాల్సిందమ్మా" అన్నాడు డాక్టరు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ మండుతుంది. రావాలని ఎవరు చెప్పారు గనుక?

ఆ వారమే బండి మీద బీడీలు, సిగరెట్లు అమ్మడం మానేసింది. పక్కనున్న పాన్ డబ్బాకు గిరాకీ పెరిగింది, అంతే.

లేత్ మిషన్ మీద పనిచేసే బాలరాజు ఆగినప్పుడల్లా ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవాడు.

"పిక్క వట్టుకుంటుందా అన్నా?" అని ఒకరోజు అడిగేసింది.

"డబుల్ డ్యూటీ జేసిన అక్కా, గందుకే."

"మా ఆయన గూడ గిట్లనే అన్నడు. నీకు షుగరున్నది, బీడీలు తాగుతవ్. దవాఖానాకు వోయి పాదం మీద నాడి సూపించుకో."

"నాడి చేతికి సూస్తరు గని కాలికి సూస్తరా అక్కా?" చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఆమె ఊరుకోలేదు. బస్తీ దవాఖానా డాక్టర్ ఆమని గారి వెంటపడి, మూడు వారాలు బతిమాలి, ఒక మధ్యాహ్నం బండి పక్కనే బల్ల వేయించింది. చేతికీ చీలమండకూ బీపీ చూసి, రెండూ పోల్చి, కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చెబుతానంది డాక్టరమ్మ. ముప్పై మందికి పైగా వచ్చారు. అందరూ షుగర్ పరీక్ష అడిగారు, మోకాళ్లకు మలాం అడిగారు. బూట్లు విప్పమంటే నలుగురే విప్పారు.

బాలరాజు పక్క డబ్బా దగ్గరే నిలబడ్డాడు. ఆమె పోయి నిలదీసింది.

"నీ బూట్లు నేనే విప్పాల్నా?"

అతను గొంతు తగ్గించాడు. "కాలు బాగలేదని తెలిస్తే మిషన్ మీదికెళ్లి తీసేస్తరక్కా."

ఆమె బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసింది. కోపం మాత్రం మిగిలింది, ఎవరి మీదో తెలియని కోపం.

రెండు నెలలకు బాలరాజు భార్య వెంకటనర్సమ్మ ఏడుస్తూ వచ్చింది. కాలి వేలు నల్లబడిందట. లక్ష్మీనర్సమ్మ ఉన్నపళంగా స్టవ్ ఆర్పేసి, ఆటోలో బాలరాజును పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. చీటీ రాసే కిటికీ దగ్గరే, "కాలుకు రక్తం అందుతలేదు, రక్తనాళాల డాక్టర్ కాడికే పంపుర్రి" అని పట్టుబట్టింది. నాళంలోకి బెలూన్ పంపి దారి తెరిచారు. వేలు పోయింది, పాదం దక్కింది.

వార్డులో బాలరాజు చేతులు జోడించాడు. "నువ్వు జెప్పంగ ఇనకపోతి అక్కా."

"నాకు దండం వెట్టుడు గాదు. నా మాట ఎవ్వడింటలేడు. డ్యూటీకి పోయినంక నీ తోటోళ్లకు నువ్వే జెప్పు."

అతను కిటికీ వైపు తిరిగాడు. "ముందుగాల నన్ను పన్ల వెట్టుకోనీయక్కా. వేలు ఎట్ల పోయిందని ఎవ్వలన్న అడిగితే బైకు మీదికెళ్లి పడ్డనని జెప్పుమన్న మా ఆమెకు."

లక్ష్మీనర్సమ్మ తెచ్చిన పండ్ల సంచిని మంచం మీద విసురుగా పెట్టి, బయటికి నడిచింది.