నీళ్లకు తీసిన తరుగు

ముందు పోయినవి చెబుతాను. నాలుగడుగుల అద్దం ఒకటి. నీళ్లు మూడు వందల నలభై లీటర్లు. ఆ ముందురోజే కొట్టించి తెచ్చిన కారం ఎనిమిది కిలోలు. దూది పరుపు ఒకటి. సీలింగు ఫ్యాను సగం. సగం అని ఎందుకంటే, ఆ తర్వాత కూడా తిరిగింది కానీ మూలుగుతూ తిరిగింది. చేపలు పద్నాలుగింట్లో ఒకటి. ఇందులో కారం, పరుపు, ఫ్యాను మావి కావు. మా కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలివి.

ఎనభైల మొదట్లో నాకు నలభై మూడేళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కొట్టులో కాటా గుమస్తాను. చదివింది ఎనిమిదో తరగతే అయినా, చక్రవడ్డీ నుంచి గుండ్రటి తొట్టెలో నీళ్ల దాకా అన్ని లెక్కలూ సొంతంగా నేర్చుకున్నాను. నేను చెప్పిన తూకాన్ని మళ్లీ తూచేవాళ్లు యార్డులో ఎవరూ లేరు.

పదేళ్లలో ఏడు ఇళ్లు మారాం. ఒకచోట బావి ఎండిపోయింది, ఒకచోట యజమాని కూతురికి కాపురం పెట్టాల్సి వచ్చింది, ఒకచోట మా ఆవిడ రోకటి పోటు కింద వాళ్లకు పడలేదు. ఎనిమిదోది ఈ మేడ మీద వాటా. కుళాయి ఉంది, గాలి ఉంది. యజమానురాలు ఒంటరి మనిషి, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మేం దిగిన రోజునే మా ఆవిడ చెప్పేసింది: "ఇక్కణ్ణుంచి కూడా సామాను సర్దమంటే నా సామాను ఒక్కటే సర్దుకుని మా పుట్టింటికి పోతాను. తొమ్మిదో ఇంటికి మీరొక్కరే వెళ్లండి."

అలాంటి ఇంట్లోకి నేను చేపల తొట్టి తెచ్చాను.

బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక బ్యాంకు ఆఫీసరు ఊరికే ఇచ్చాడు. ఇనప చట్రంలో అద్దాలు పెట్టి, సందుల్లో లప్పం కూరిన పాత తొట్టి. రోజంతా ఎండు మిరపకాయల మధ్య తుమ్ముకుంటూ బతికేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి కాసేపు నీళ్ల వంక చూస్తూ కూర్చుంటే చాలనిపించింది. అంతకుమించి కారణం లేదు.

టీచరు గారు వెంటనే ఒప్పుకోలేదు. "నా నడినెత్తి మీద చెరువు పెడతానంటున్నారు. ఎంత బరువో, దేని మీద నిలబెడతారో కాగితం మీద రాసివ్వండి" అన్నారు.

రాసిచ్చాను. పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు రెండడుగులు. నీళ్లు మూడు వందల నలభై కిలోలు, అద్దాలూ చట్రం డెబ్భై, ఇసుకా గులకరాళ్లూ నలభై. మొత్తం నాలుగు వందల యాభై. దాని కింద ఇంకో రెండు అంకెలు వేసి, గీత గీసి, నాలుగు వందల ఇరవై మూడు అని తేల్చాను. ఆవిడ అట్టడుగు అంకె చూసి కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. "యార్డు తూకమే మీ చేతిలో ఉంది, మీ లెక్క నేను దిద్దడమేంటి" అన్నారు.

స్టాండు కోసం వెల్డింగు షాపుకి వెళ్లాను. నూనె పీపాల కోసం చేయించుకుని ఎవరో తీసుకెళ్లని స్టాండు ఒకటి అక్కడ ఉంది.

"దేనికన్నా ఇది?" అన్నాడు వెల్డింగువాడు.

"చేపలకి."

"ఎన్ని కిలోల చేపలన్నా?"

"చేపలు పావుకిలో ఉంటాయేమో. మొత్తం బరువు నాలుగు వందల ఇరవై మూడు."

వాడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "పావుకిలో చేపలకి నాలుగు క్వింటాళ్ల హంగామానా! ఇగురు పెట్టుకుంటే ఒక్క దాక సరిపోయేదిగా అన్నా. సరే, నాలుగొందల పాతిక దాకా ఇది మోస్తుంది. పైన ఎంత పెట్టినా నా పూచీ లేదు."

రెండు కిలోలు మిగులు. ఇంటికొస్తూ ఆ రెండు కిలోలనీ తలుచుకుని గర్వపడ్డాను.

తొట్టి నింపిన నాలుగో రోజు కింది మూల నుంచి చుక్కలు మొదలయ్యాయి. కొద్దిగా తారు పూశాను, ఆగలేదు. గ్లాసు పెట్టి వాచీ చూశాను. గంటకో గ్లాసు. అంటే రోజుకి అయిదు లీటర్ల లోపు. ఈ లెక్కన తొట్టి ఖాళీ కావడానికి డెబ్భై రోజులు పడుతుంది.

"డెబ్భై రోజులుంది, కంగారేం లేదు" అన్నాను.

"డెబ్భై రోజులూ గుడ్డ పెట్టి పిండేది మీరా, నేనా?" అంది మా ఆవిడ. "స్టాండు నడుం వంగింది, చూశారా అసలు?"

చూశాను. మధ్యలో వేలెడు కిందికి దిగింది. ఇనుము కొంచెం సర్దుకుంటుందని చెప్పాను. కారిన నీళ్లకు బదులు రోజూ చిన్న బిందెడు పోస్తూ వచ్చాను, లెక్క తప్పకూడదని.

ఆదివారం మధ్యాహ్నం ముందు అద్దం టప్పుమంది. ఒక్కటే చప్పుడు. డెబ్భై రోజుల నీళ్లు నిమిషంలో వచ్చేశాయి. నేను చేపల వెంట, మా ఆవిడ బకెట్ల వెంట పడ్డాం. కింద టీచరు గారు అప్పుడే చర్చి నుంచి వచ్చి మంచం మీద నడుం వాల్చారు. ఫ్యాను కొక్కెం చుట్టూ ఉన్న సందులోంచి ధార దిగింది. తిరుగుతున్న ఫ్యాను ఆ నీళ్లను గది నాలుగు మూలలకీ సమానంగా పంచింది.

"గుమస్తా గారూ! మీ చెరువు కిందికి దిగింది!"

కారం చల్లారాలని ఆవిడ గదిలో గుడ్డ పరిచి ఆరబోశారు. నీళ్లు దాన్ని కలుపుకుని గడప దాటి, మెట్లు దిగి, బజారులోకి ఎర్రగా పారాయి. ఎదురింటి పెద్దాయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, రండిరా! టీచరమ్మ ఇంట్లోంచి నెత్తురు కారుతోంది!" అని అరిచాడు. ఆ నెత్తురులో రెండడుగులు వేశాడు. కాళ్లు మండేసరికి, "నెత్తురు కాదర్రా, కారం! నెత్తురైతే బాగుండేది!" అంటూ కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. వీధి వీధంతా తుమ్మింది.

సాయంత్రం టీచరు గారు తడి జుట్టుతో కుర్చీలో కూర్చున్నారు. ఆవిడకి కోపం నా మీద లేదు. అదే నాకు ఇబ్బంది. "మీ లెక్క కాగితం నా దగ్గరుంది. మీరు సరిగ్గానే తూచి ఉంటారు. స్టాండు అమ్మినవాడే దొంగ. రేపు వాణ్ణి పిలిపించండి, పరుపూ కారం వాడే ఇచ్చుకోవాలి" అన్నారు.

మా ఆవిడ మేడ మీదికి రాగానే, "అంతే, వాడి మీదే ఉంచండి. ఇల్లు నిలబడుతుంది" అంది.

మర్నాడు పరుపు నేను బాగుచేయిస్తానని రిక్షాలో వేసుకెళ్లాను. దారిలో యార్డులో దింపాను. పొడిగా పద్నాలుగు కిలోలుండే పరుపు ఎన్ని నీళ్లు తాగిందో చూడాలి కదా. కాటా మీద యాభై ఒకటి తూగింది. మా హమాలీ ఒకడు దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"ఏం రకం సరుకు గుమస్తా గారూ ఇది? తేమ బాగా ఉంది. తరుగు కొట్టి రాసుకోండి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మిర్చి తూకంలో ఎవరు తెచ్చిన సరుకైనా క్వింటాలుకి ఆరు కిలోలు తీసేసేవాళ్లం. సంచికి కొంత, తొడిమకి కొంత, తేమకి కొంత. దాన్నే తరుగు అంటారు. పద్దెనిమిదేళ్లుగా తరుగు తీయకుండా ఒక్క తూకమూ రాయలేదు. నాలుగున్నర క్వింటాళ్లకి ఇరవై ఏడు కిలోలు. నాలుగు వందల యాభైలో ఇరవై ఏడు పోతే నాలుగు వందల ఇరవై మూడు. తొట్టెడు నీళ్లలోంచి తేమకని తీసేశాను. వెల్డింగువాడు చెప్పిన మాట అక్షరాలా నిజం. వాడి స్టాండు మీద నేను పాతిక కిలోలు ఎక్కువ పెట్టాను.

ఇంటికొచ్చి మేడ ఎక్కకుండా ముందు టీచరు గారి గడపలో నిలబడ్డాను. మెట్ల మీద మా ఆవిడ రెండు చేతులూ ఊపుతూ వద్దు వద్దంటోంది.

"తప్పు స్టాండుది కాదండి. ఆ కాగితం ఒకసారి తీయండి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర సిరా పెన్ను తీసుకుని, ఒక్కో అంకె మీదా ముల్లు ఆనిస్తూ దిగారు. తరుగు దగ్గర ఆగారు.

"ఇదేంటి?"

"తరుగండి."

"దేనికి?"

"తేమకండి."

"నీళ్లలో తేమకా?"

"సంచికీ, తొడిమకీ కూడానండి" అని నసిగాను. ఆవిడ కాసేపు పెదవులు బిగించుకున్నారు, చివరికి ఆపుకోలేక నవ్వేశారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ టీచరైపోయారు. "సంచికీ తొడిమకీ కూడా తీశారు. తొట్టికి తొడిమ ఎక్కడుందయ్యా?" అని ఆ అంకె చుట్టూ సున్నా చుట్టారు. "దిద్దకుండా దాచుకున్నాను కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది. పరుపూ కారం మీరు తెచ్చివ్వండి, ఫ్యాను నేను చూసుకుంటాను. ఇక శిక్ష. 'నీటికి తరుగు లేదు' అని వెయ్యిసార్లు రాయాలి. ప్రతి ఒకటో తారీఖుకీ యాభై. వెయ్యీ పూర్తయ్యేదాకా మీరు ఇల్లు ఖాళీ చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత ఉంచాలో వద్దో ఆలోచిస్తాను."

తొట్టికి కొత్త అద్దం వేయించి, సందులన్నీ కొత్త లప్పంతో నింపి, కింద వరండాలో పెట్టాం. ఇటుకతో రెండు గోడలు, వాటి మీద చీమకుర్తి నుంచి తెప్పించిన రాతి పలక, అద్దానికీ రాతికీ మధ్య మెత్తగా ఒక థర్మోకోల్ షీటు. అటూ ఇటూ వంపు లేదని రసమట్టం పెట్టి చూసిందీ, బరువు లెక్క కట్టిందీ ఆవిడే. నాలుగు వందల యాభై మీద ఇంకో వంద కలిపారు. "మీరు తీసేస్తారు, నేను కలుపుతాను" అన్నారు. ఇంతవరకూ ఒక్క చుక్క కారలేదు.

నెలకి యాభై చొప్పున పదిహేడు నెలలు క్రమం తప్పకుండా రాసిచ్చాను. ఎనిమిది వందల యాభై. అప్పుడు, జీవితంలో ఎన్నడూ లెక్క జోలికి రాని మా ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఇంక నూట యాభై. మూడు నెలల్లో అయిపోతాయి. అయిపోతే ఏమవుతుందో ఆలోచించారా? మెల్లగా రాయండి!"

తర్వాతి నెల నలభై రాశాను. ఆ పైన ముప్పై, ఇరవై, పది. ఆ తర్వాత అయిదు, ఇంకో అయిదు, రెండు, ఒకటి. అంతటితో చెయ్యి నొప్పి పట్టుకుంది.

ఇప్పటికీ ఒకటో తారీఖున అద్దె ఇవ్వడానికి వెళితే టీచరు గారు చేపలకి మేత వేస్తూ, తల తిప్పకుండా అడుగుతారు.

"ఈ నెల ఎన్ని?"

"రాయడం పడలేదండి."

"సరే, తొందరేం లేదు. బాకీ ఎంతో గుర్తుందిగా?"

"ముప్పై ఏడండి."